పదిహేనేళ్ళ నివాసం

నంద్యాలలో మా చిన్నాయన ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. పోయిన సంక్రాంతికి పొలం కాగితాల కోసం దాన్ని తెరిస్తే, 1969 మొదట్లో నింపిన ఉద్యోగ దరఖాస్తు ఒకటి బయటపడింది. హైదరాబాదులో గుమాస్తా పని కోసం రాసింది, పంపలేదు. ఎన్నేళ్ళుగా తెలంగాణలో నివాసం అన్నచోట "12" అని రాసి కొట్టేసి ఉంది.

"పదైదేండ్లు ఉండాలంట. నాకు పన్నెండే. ఇంగ పంపి ఏం జేసేది నాయనా?" అన్నాడు చిన్నాయన, నవ్వుతూనే.

నేను చరిత్రకారుణ్ణి కాదు. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఆ కొట్టేసిన పన్నెండు నన్ను చాలా పుస్తకాల దగ్గరికి తీసుకుపోయింది.

మా అబ్బది ఆళ్ళగడ్డ. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు అక్కడ గుమాస్తాగా చేరాడు. కట్టడాలు చాలక కొన్ని ఆఫీసులు గుడారాల్లోనే నడిచిన కాలం అది. మూడేళ్ళకు, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదుకు మారింది. ఫైళ్ళతోపాటు అబ్బ, అబ్బతోపాటు జేజి, పిల్లలు కూడా కదిలారు. అబ్బ ఉద్యోగానికి ఢోకా లేదు. చిక్కు పిల్లలకొచ్చింది.

దీని వేళ్ళు నిజాం కాలంలో ఉన్నాయి. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ దేశంవాడు. బయటినుంచి వచ్చినవాళ్ళే సర్కారు కొలువులన్నీ పట్టేస్తున్నారని స్థానికులు మొత్తుకోగా, 1919 నాటి ఫర్మానాతో ముల్కీ నిబంధనలు స్థిరపడ్డాయి. పుట్టుకతో ముల్కీ కానివాడు ముల్కీ కావడానికి ఉన్న దారుల్లో ఒకటి, పదిహేనేళ్ళ స్థిరనివాసం. అదొక్కటే చాలదు. సొంతూరికి తిరిగిపోయే ఉద్దేశం వదులుకున్నానని ప్రమాణపత్రం కూడా ఇవ్వాలి.

ఈ రెండో షరతు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అబ్బ ముప్పయ్యేళ్ళు హైదరాబాదులో ఉన్నా ఆళ్ళగడ్డలో ఎకరం అమ్మలేదు. రిటైరైన నెలకే బస్సెక్కాడు. ఆయన చేత ఆ ప్రమాణం చేయించడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

అయితే ఆ నిబంధన వెనకున్న భయం ఉత్తిది కాదు. ఇంగ్లీషు చదువులు ముందే అందిన కోస్తా నుంచి, మద్రాసు పాలనలో ఆరితేరినవాళ్ళు వస్తే తమకేం మిగులుతుందని తెలంగాణ పిల్లలు అడిగారు. 1952లో హైదరాబాదులో ముల్కీ ఉద్యమం కాల్పులదాకా పోయింది. మనవాళ్ళకూ ఈ భయం కొత్తది కాదు. కోస్తావాళ్ళతో కలిసేముందు రాయలసీమ 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాయించుకున్నది ఇలాంటి రక్షణల కోసమే. కర్నూలుకు రాజధాని వచ్చింది కూడా ఆ మాట మీదే.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు నివాస నిబంధన హామీ ఇచ్చింది. దాన్ని నిలబెట్టడానికి పార్లమెంటు 1957లో ప్రభుత్వోద్యోగాలకు నివాస అర్హత పెట్టే చట్టం చేసింది. 1959 నుంచి అమల్లోకొచ్చింది. పదిహేనేళ్ళ లెక్క అందులోనిదే. మా చిన్నాయన కొట్టేసిన పన్నెండు కూడా అక్కడిదే.

అదే 1957లో, మార్చి 25న, ఆరు ఐరోపా దేశాలు రోమ్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒక దేశపు పనివాడు ఇంకో దేశంలో పని వెతుక్కోవచ్చన్నది అందులో ఒక మూలసూత్రం. ఇప్పుడు అక్కడి పౌరుడు ఇంకో సభ్యదేశానికి పోయి మూడు నెలలు షరతుల్లేకుండా ఉండొచ్చు. ఆ తర్వాత కూడా నిజంగా పని వెతుకుతున్నాడని, దొరికే అవకాశముందని చూపితే పొమ్మనరు. 1991లో ఆంటోనిసెన్ కేసులో అక్కడి న్యాయస్థానం ఆరు నెలల గడువును సబబేనంది. సొంత దేశపు నిరుద్యోగ భృతిని మూడు నెలలపాటు వెంట తీసుకుపోవచ్చు. జబ్బు చేస్తే ఐరోపా ఆరోగ్యకార్డు అవసరమైన వైద్యానికి పనికొస్తుంది. వరుసగా ఐదేళ్ళు చట్టబద్ధంగా ఉంటే శాశ్వత నివాసపు హక్కు. ఇదంతా వాళ్ళ పౌరులకే, మనలాంటివాళ్ళకు కాదు. పైగా పని వెతుక్కునేవాడికి సంక్షేమ సాయం నిరాకరించే వీలు ఆ దేశాలకుంది. అయినా ఆ చట్టం ఎవర్నీ మీ ఊరు వదులుకోమనదు. పని లేని నెలలు కూడా బతుకులో భాగమేనని గుర్తిస్తుంది.

మన దగ్గర కథ వేరే దారి పట్టింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని నివాస నిబంధనను కొట్టేసింది. నివాసాన్ని రాష్ట్రం మొత్తానికి అడగొచ్చుగానీ అందులో ఒక ముక్కకు అడగడానికి రాజ్యాంగం ఒప్పుకోదంది. అప్పటికే తెలంగాణ ఉద్యమం రగులుతోంది. చిన్నాయన ఆ ఏడే నంద్యాల వచ్చి బియ్యం మిల్లులో లెక్కలు రాయడానికి చేరాడు. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఈసారి జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు, ఆ తర్వాత రాజ్యాంగంలో 371-డి వచ్చాయి. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో ముల్కీ పోయి "లోకల్" వచ్చింది. పదిహేనేళ్ళు నాలుగేళ్ళయ్యాయి. ప్రమాణపత్రం పోయి స్టడీ సర్టిఫికెట్ వచ్చింది. ఎక్కడ చదివితే అక్కడివాడు. మా నాలుగు సీమ జిల్లాలు నాలుగో జోన్. ఎంసెట్ ఫారంలో నేను "ఎస్వీయూ" దగ్గర గుర్తు పెట్టినప్పుడు, దాని వెనక ఇంత గొడవ ఉందని నాకు తెలీదు.

తర్వాత నేనూ హైదరాబాదే వచ్చాను. సాఫ్ట్‌వేర్ కొలువుకు ఎవరూ లోకలా అని అడగలేదు. అడగాల్సిన ఇంకో ప్రశ్న నేనే ఆలస్యంగా అడుక్కున్నాను: ఉద్యోగం పోతే ఇక్కడ నాకేముంది? కంపెనీ ఒకటి మమ్మల్ని తీసేసిన రోజే ఆరోగ్యబీమా కూడా ఆగిపోయింది. రేషన్ కార్డు లేదు. మూడు నెలలు మా పాపకు జ్వరమొస్తే భయపడుతూ గడిపాం. అదే అపార్ట్‌మెంట్ పక్కన కడుతున్న బిల్డింగులో పనిచేసే మా వైపు మేస్త్రీకి తెల్లకార్డు ఉంది, కానీ అది ఊళ్ళో ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ కార్డుకు ముడిపడింది. రాష్ట్రం విడిపోయాక 2019 నవంబర్‌లో గానీ ఆంధ్ర కార్డును హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైలలో కొన్ని ఆసుపత్రులకు విస్తరించలేదు. అదీ ఎంచిన పెద్ద జబ్బులకే.

2021 మేలో, కోవిడ్ రెండో అలలో, కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆంధ్ర అంబులెన్సుల్ని ఆపారు. నంద్యాల నుంచి హైదరాబాదు పోయేదీ ఆ దారినే. ఆసుపత్రిలో పడక ఖాయమైన రుజువు, పాసు ఉంటేనే రమ్మన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని నిలిపేసింది. ఊపిరాడనివాణ్ణి కూడా ముందు నువ్వెక్కడివాడివని అడగొచ్చని ఆ నాలుగు రోజుల్లో తెలిసింది.

స్థానికులకు రక్షణ అక్కర్లేదని నేననను. అక్కడ పుట్టి పెరిగినవాడి వాటా అక్కడివాడికి దక్కాలి. కానీ కొలువులో వాటా వేరు, జబ్బు పడితే మంచం వేరు. మొదటిదానికి ఏళ్ళు లెక్కపెట్టొచ్చు. రెండోదానికి ఏ లెక్కా ఉండకూడదు. వందేళ్ళుగా మనం మొదటిదాని మీదే కొట్లాడుకుని, రెండోదాన్ని కార్డులకు వదిలేశాం.

చిన్నాయన దరఖాస్తును మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. "పారేయొచ్చుగా" అన్నాను.

"ఉండనీలే," అన్నాడు. "మీ పాప స్టడీ సర్టిఫికెట్లు మాత్రం జాగ్రత్తగా పెట్టుకో. ఎప్పుడు ఏం అడుగుతారో."