నైరూప్య చిత్రకళ – శైలీవిచారము

పాశ్చాత్య చిత్రకళలో ఇరువదవ శతాబ్ది ప్రారంభమునఁ బుట్టి ‘నైరూప్యకళ’ యను పేరఁ బరఁగుచున్న రచనావిధానమును గుఱించి విద్వాంసులలోఁ గూడ నొక సందేహము నిలిచియున్నది. చెట్టు, కొండ, మనుష్యుఁడు, మృగము మొదలగు వస్తువులలో నేదియు గుర్తింపరాని యీ చిత్రములకు శైలి యనునది కలదా? లేక శైలి లేకుండుటయే వీని లక్షణమా? పూర్వపక్షుల వాదము మూఁడు విధములు. ఈ కళ పూర్వకళతో సంబంధము లేక హఠాత్తుగాఁ బుట్టిన వింత యని యొకటి. నియమము లేదు గావున నెవ్వఁడైనను నిట్టివానిని వ్రాయవచ్చునని రెండవది. అనుకరింపఁబడిన వస్తువు లేదు గావున గుణదోషనిర్ణయమునకు ఆధారము లేదని మూఁడవది. ఈ మూఁడింటిని జరిత్రదృష్టితోఁ బరిశీలించుట యావశ్యకము.

ముందుగా శైలి యన నేమో నిశ్చయింపవలయును. సంస్కృతాలంకారికులలో వామనుఁడు రీతిని కావ్యమున కాత్మగా నంగీకరించి, విశిష్టమైన పదరచనయే రీతి యని నిర్వచించెను. దీనినిబట్టి చూడఁగా రీతి కూర్పును ఆశ్రయించునే గాని వర్ణ్యవస్తువును ఆశ్రయింపదు. రామకథ నొక్కదానినే పెక్కురు కవులు వేర్వేఱు రీతులలోఁ జెప్పిరి. చిత్రమునందును రేఖ, వర్ణము, వాని నడుమ విడిచిన స్థలము అనువాని కూర్పునందే శైలి యుండును. కావున వస్తువు తొలఁగిన మాత్రమున శైలియుఁ దొలఁగునని చెప్పరాదు. ఐనను నిది తర్కము మాత్రమే. శైలి నిజముగా నున్నదనుటకు సాక్ష్యము చరిత్రమునుండియే రావలయును.

అట్టి సాక్ష్యములలో స్పష్టమైనది హాలెండు దేశీయుఁడగు పీట్ మోండ్రియన్ రచన. 1872లో జన్మించిన యితఁడు తొలుత దేశసంప్రదాయము ననుసరించి నదీతీరములను, పొలములను, గాలిమరలను వ్రాసినవాఁడు. 1908కిని 1912కిని నడుమ నితఁడు వ్రాసిన వృక్షచిత్రములను వరుసగా నుంచి చూచినచో నొక క్రమము గోచరించును. మొదటిదానియందు నీలవర్ణము నెదుట ఎఱ్ఱని చెట్టు కలదు. చెట్టు చెట్టుగానే యున్నది. రంగు మాత్రము ప్రకృతిని విడిచినది. 1911 నాటి ‘బూడిదరంగు చెట్టు’ నందు రంగులు దాదాపుగాఁ దొలఁగినవి. కొమ్మలు వంపురేఖలుగా మాఱినవి. వాని నడుమనున్న ఖాళీస్థలము కొమ్మలంత ప్రాధాన్యమును బొందినది. 1912 నాటి ‘పుష్పించిన యాపిల్ చెట్టు’ నందు విల్లులవంటి రేఖల యల్లిక మాత్రము మిగిలినది. పేరు చదువనిచో దానిని చెట్టని పోల్చుట కష్టము. ఈ నడుమ నతఁడు పికాసో, బ్రాక్ అను చిత్రకారుల ఘనవాదచిత్రములను జూచి, పారిసునగరమునకుఁ దరలిపోయెను. 1915 నాటికి సముద్రమును గూడ నిలువు, అడ్డము చిన్నరేఖలుగాఁ గూర్చెను. తుదకు నల్లని రేఖలును, ఎఱుపు, పసుపు, నీలము అను మూలవర్ణములును, వానితో నలుపు, తెలుపు, బూడిదరంగులును మాత్రమే అతని రచనయందు నిలిచినవి. ఒక్కొక్క మెట్టునందు నొక్కొక్కటి విడువఁబడినది. విడువఁబడినదాని బరువు మిగిలినదానిపైఁ బడినది. హఠాత్తుగాఁ బుట్టిన వింత యను వాదము దీనితో నిలువదు.

ఇఁక నియమము లేదను వాదము. 1917లో థియో వాన్ డూస్‌బర్గ్ అను చిత్రకారుఁడు హాలెండులో నొక పత్రికను స్థాపించెను. మోండ్రియన్ దానియందుఁ బ్రధానలేఖకుఁడు. ఆ పత్రిక పేరు ‘డె స్టైల్’. డచ్చిభాషలో దాని యర్థము ‘శైలి’ యనియే. నిలువురేఖయు నడ్డురేఖయు మాత్రమే గ్రాహ్యములని యీ కూటమివారిలో మోండ్రియన్ దృఢముగాఁ బట్టుపట్టెను. 1924 ప్రాంతమున వాన్ డూస్‌బర్గ్ తన చిత్రములలోఁ గర్ణరేఖను, అనఁగా ఏటవాలు రేఖను, బ్రవేశపెట్టెను. మోండ్రియన్ దీని నంగీకరింపలేదు. అతఁడు ఆ కూటమినుండి వైదొలఁగుటకు నిది ముఖ్యకారణములలో నొకటి యయ్యెను. ఒక యేటవాలు గీఁత కొఱకు మిత్రభేదము కలుగుట సామాన్యులకు హాస్యాస్పదముగాఁ దోఁపవచ్చును. కాని యతిభంగమును, గణభంగమును సహింపని పండితులకు దీని యర్థము తెలియకపోదు. నియమము లేనిచోట నియమభంగము లేదు. భంగమును గుర్తించి వివాదపడినవా రున్నారు గావున నియమము కలదు.

శైలి యను దృష్టి లేకపోవుటచేతనే యీ కళాచరిత్రమునఁ బౌర్వాపర్యవివాదము చిరకాలముగా నడచుచున్నది. 1866లో మాస్కోలో జన్మించిన వాసిలీ కాండిన్‌స్కీ రచించిన నీటిరంగుల చిత్ర మొకటి 1910 అను తేదీ గలదై, తొలి నైరూప్యచిత్రమని ప్రసిద్ధి కెక్కినది. అయితే 1913లో నతఁడు వ్రాసిన ‘ఏడవ కూర్పు’ అను పెద్దచిత్రమునకుఁ గావించిన పూర్వరచనలతో దీనికిఁ గల పోలికనుబట్టి, ఇది 1913 నాటిదే యని పెక్కురు పరిశోధకులు తలఁచిరి. ఈలోపల ఫ్రాంటిషెక్ కుప్కా 1912లోనే పారిసునగరపు ప్రదర్శనమున వస్తురహితచిత్రమును బహిరంగముగా నుంచియుండెను. వీరందఱికంటె ముందు, స్వీడనుదేశీయురాలగు హిల్మా ఆఫ్ క్లింట్ 1906 మొదలుకొని ఇట్టి చిత్రములను వ్రాసినది. కాని తన మరణానంతరము ఇరువది సంవత్సరముల వఱకు వానిని బ్రదర్శింపరాదని యామె కోరెను. ఆమె 1944లో మరణించినది; లాస్ ఏంజెలిస్‌లో 1986లో జరిగిన ప్రదర్శనముతోఁ గాని యా రచన లోకమునకుఁ దెలియలేదు. కాలమునుబట్టి యామెకుఁ బ్రాథమ్యము చెల్లవలసినదే. ఐనను ఆద్యోదాహరణము వేఱు, శైలి వేఱు. శైలికి శిష్యులు, బోధ, వాదప్రతివాదములు కావలయును. కాండిన్‌స్కీ 1911 చివరను దన సిద్ధాంతగ్రంథమును బ్రకటించి, 1922 మొదలుకొని జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో బిందువు, రేఖ, తలము అనువానిని వ్యాకరణమువలె బోధించెను. శైలీస్థాపకులలో నతఁ డొకఁ డగుటకు హేతు విదియే గాని యొక చిత్రముపై వ్రాసిన తేదీ కాదు.

ఈ సందర్భమున భారతదేశముతోఁ గల సంబంధ మొకటి చెప్పఁదగియున్నది. మోండ్రియనును, ఆఫ్ క్లింటును దివ్యజ్ఞానసమాజమునఁ జేరినవారు. కాండిన్‌స్కీ తన గ్రంథమున నా సమాజమును బేర్కొనెను. దాని ప్రధానస్థానము మద్రాసునందలి అడయారు. మఱియు 1922 డిసెంబరులో, ప్రాచ్యకళాసమాజము కలకత్తాలో జరిపిన ప్రదర్శనమునఁ గాండిన్‌స్కీ, పాల్ క్లే మొదలగు బౌహౌస్ వారి రచనలు ప్రదర్శింపఁబడినవి.

గుణదోషనిర్ణయమునకు ఆధారము లేదను మూఁడవ వాదము న్యాయస్థానము వఱకుఁ బోయినది. 1926లోఁ గాన్‌స్టంటీన్ బ్రాంకూసీ యను రుమేనియాదేశపు శిల్పి రచించిన ‘ఆకాశమునఁ బక్షి’ యను కంచుశిల్పము న్యూయార్కు రేవు చేరినది. దానికి ఱెక్కలు, ముక్కు, ఈఁకలు లేవు. నునుపు దేఱిన సన్నని యూర్ధ్వాకృతి మాత్రము కలదు. శిల్పములపై దిగుమతిసుంకము లేకున్నను, సుంకపు అధికారులు దీనిని శిల్పముగా నంగీకరింపక, వంటపాత్రలును వైద్యశాలోపకరణములును గల వర్గమునఁ జేర్చి నూటికి 40 వంతున సుంకము విధించిరి. శిల్పము ప్రకృతివస్తువు ననుకరింపవలయునని పూర్వపు తీర్పొకటి కలదు. జేకబ్ ఎప్‌స్టీన్ మొదలగు శిల్పులు, కళాభిజ్ఞులు బ్రాంకూసీ పక్షమున సాక్ష్యమిచ్చిరి. 1928 నవంబరులో న్యాయస్థానము, అనుకరణమును విడిచి భావమును రూపించు నొక నూతనసంప్రదాయము వర్ధిల్లుచున్నదని గ్రహించి, ఆ శిల్పమును గళాకృతిగా నంగీకరించినది. పక్షిని బోలియున్నదా యను ప్రశ్నను విడిచి, ఆకృతిసౌష్ఠవమును, కర్తృత్వమును విచారించుటయే యీ తీర్పునందలి విశేషము. బ్రాంకూసీ తన శిల్పములు నైరూప్యములనుట నొల్లక, అవి వస్తుసారమును జూపునవని వాదించినవాఁడు. ఈ కళలో రూపత్యాగము శూన్యమున కొఱకుఁ గాదని తెలియుట కిది చాలును.

ఒక్క విషయమునఁ బూర్వపక్షులు చెప్పినది కొంత నిజము. నైరూప్యకళ యనునది యొక్క శైలి కాదు. అది శైలుల కుటుంబము. 1936లో న్యూయార్కులో ‘ఘనవాదము, నైరూప్యకళ’ అను ప్రదర్శనమును నడపిన ఆల్‌ఫ్రెడ్ బార్ దీనిని రెండు ప్రవాహములుగా విభజించెను. రేఖాగణితమును, మితిని ఆశ్రయించునది మొదటిది. మాలెవిచ్, మోండ్రియన్ ఇందలివారు. భావావేశమును, వంపురేఖను ఆశ్రయించునది రెండవది. కాండిన్‌స్కీ తొలిదశలోని చిత్రములు దీని యుదాహరణములు. ఒకదాని నియమముతో మఱియొకదానిని గొలువరాదు. సీసమునకుఁ జెల్లు లక్షణమును గందమునందు వెదకువాఁడు కందమును దోషయుక్తమనును.

ఇట్లు భేదమెఱుఁగక తీర్పు చెప్పుట కేవలము పాండిత్యదోషముగా నిలువలేదు. 1937లో జర్మనుప్రభుత్వము మ్యూనిక్ నగరమున ‘భ్రష్టకళ’ యను పేరఁ బ్రదర్శనము జరిపి, కాండిన్‌స్కీ, క్లే మొదలగువారి రచనలను బరిహాసమునకుఁ బాలుచేసినది. కావున నైరూప్యచిత్రము నెదుట నిలిచినవాఁడు ‘ఇది యేమి వస్తువు?’ అని మొదట నడుగరాదు. ఈ చిత్రకారుఁ డేవి విడిచెను, ఏవి నిలిపెను, నిలిపినవానిని ఏ నియమమునఁ గూర్చెను, ఆ నియమమును దా నెంతవఱకుఁ బాటించెను అని విచారింపవలయును. ఈ విచారమునకు నిలిచిన చిత్రము మంచిది. నిలువనిది, ఎంత ప్రసిద్ధుఁడు వ్రాసినను, చెడ్డది.