సోంపేట బీల

చెఱువుకట్టకు గండి పడెనని వినినంతనే పాఱలు, తట్టలు చేతబట్టి ఊరంతయు పరుగెత్తుట మన పూర్వులకు క్రొత్త కాదు. దీనినే కుడిమరామతు అనిరి. 1858లో వచ్చిన మదరాసు నిర్బంధశ్రమ చట్టము ఈ యాచారమునే శాసనముగ మార్చి, గట్టు తెగు నపాయము వాటిల్లినపుడు గ్రామస్థులు పనికి వచ్చి తీరవలెనని విధించెను. మనసులో నున్నంతకాలము ఆచారమునకు చట్టముతో పని లేదు. అది సన్నగిల్లిన పిమ్మటనే కాగితముమీది కెక్కును. అయినను కాగితములన్నియు తమకు ప్రతికూలముగ నున్నపుడు సయితము నీటిని కాచుకొనిన జనులు మన శ్రీకాకుళము జిల్లాలోనే కలరు. వారి చరిత్రమును ఇచ్చట స్మరింతుము.

సోంపేట ప్రాంతమున పడమట మహేంద్రగిరి పంక్తులు, తూర్పున సముద్రము. కొండలనుండి దిగిన వాననీరు కొంత మహేంద్రతనయ వెంట బారువకడ కడలిలో కలియును. కొంత తీరపు టిసుకదిబ్బల కీవల పల్లమున నిలిచి, మెల్లమెల్లగ ఇంకును. ఈ పల్లమునే బీల యందురు. ఏటి పొడుగున తడి యాఱని ఈ నేలవలన చుట్టుపట్ల నూతులలో నీరూరును, ఎత్తిపోతలచే వరి పండును, బెస్తలకు చేపలు, పశువులకు మేత, పేదలకు జమ్ము దొరకును. రైతు, జాలరి, కాపరి యను భేదము లేక అందఱకు ఇది ఉమ్మడి కొట్టు. అయినను ఎవనికిని పట్టా లేని నేల గనుక సర్కారు లెక్కలలో దీనికి పడిన పేరు వేఱు: బంజరు.

ఈ పేర్ల తగవు నిన్నటిది కాదు. పొరుగుననే యున్న మందస జమీందారీలో, అడవి కఱ్ఱపై హక్కు కొఱకు రైతులు పెనగులాడగా, 1940 ఏప్రిలు 1వ తేదీన గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. గున్నమ్మ యను రైతు వనిత ఆనాడు నేలకొఱగెను. ఊరివారికి జీవనాధారమైన అడవి, జమీందారునకు సొత్తు మాత్రమే. ఆ కొండల నీరే బీలకు వచ్చునని తలచినచో, ఈ రెండు కథలును ఒక్క కథయే యని తోచును.

2008లో ప్రభుత్వము బీలలోని వందలాది యెకరముల నేలను 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమునకై నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించెను. జనులు పర్యావరణ పరిరక్షణ సంఘముగ నేర్పడిరి. 2009 డిసెంబరులో సోంపేటలో రిలే నిరాహారదీక్షలు మొదలయ్యెను. వంతుల వారీగ గట్టు కాచినట్లే, వంతుల వారీగ శిబిరమున కూర్చుండిరి. స్త్రీలు ముందు నిలిచిరి. వీథిలో నొక పోరు, న్యాయస్థానములలో నొక పోరు సాగెను. కేంద్రప్రభుత్వమున విద్యుచ్ఛక్తి కార్యదర్శిగ పనిచేసిన ఇ. ఎ. ఎస్. శర్మగారు వీరి పక్షమున వ్రాసి వాదించిరి.

2010 జులై 14వ తేదీన సంస్థవారు పోలీసుల యండతో పని మొదలిడ బోగా జనులు అడ్డగించిరి. కాల్పులు జరిగెను. ప్రాణములు పోయెను, పలువురు గాయపడిరి. ఆనాడే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ, ఆ నేల తడినేలయే యని యెంచి విద్యుత్కేంద్రమునకిచ్చిన అనుమతిని కొట్టివైచెను. ఒక్క దినము ముందు వెలువడిన యెడల ఆ తీర్పు ఎన్ని యిండ్ల దీపములను నిలిపియుండెడిదో! విద్యుత్కేంద్రము కట్టబడలేదు, బీల మిగిలెను. కాని 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో కాకరాపల్లి తంపర భూములకడ మరల కాల్పులు జరిగి మరల ప్రాణములు పోయెను. ఒక యూరి నెత్తుటి పాఠము మఱియొక యూరికి ఉపకరింపకుండుటకంటె శోచనీయ మేమున్నది?

తడినేలల సంరక్షణకై 1971లో ఇరాను దేశపు రామ్సారు పట్టణమున లోకదేశములు ఒడంబడిక చేసికొనెను. 1982లో మనదేశమును అందు చేరెను. మన కొల్లేరు 2002లో ఆ పట్టిక కెక్కెను. ఆ పట్టికలో లేని బీలలకు కావలి యెవరు? ఊరివారే.

ఇచ్చట మన మొక మాట నిష్ఠురముగ చెప్పుకొనవలెను. పైవారు వచ్చి ఆక్రమింపబోయినపుడు ఏకమగుట ఘనకార్యమే. కాని వాగు గట్టును అంగుళమంగుళముగ దున్ని కలుపుకొనువాడు మన దాయాదియే. కాలువలో చెత్త పోయువారు మన యింటివారే. వీరికై శిబిరము వేయువారు లేరు. శత్రువు కనబడునంతవఱకు నిలుచునది పౌరుషము, కనబడనపుడును నిలుచునది ధర్మము. ఏటేట పూడిక తీయుట, బీల మేరలను ఊరందఱి యెదుట కొలిపించి రాళ్లు నాటించుట, దస్త్రములలో బంజరను మాటను తొలగించి తడినేల యని వ్రాయించుట, ఇవి దీక్షాశిబిరమంతటి పనులు. ప్రాణములిచ్చి నిలిపిన నీటిని అశ్రద్ధచే పోగొట్టుకొందుమేని, పోయినవారికి మనమేమి సమాధానము చెప్పగలము?