ముట్లుడిగే వయసు, మనసు జబ్బు: ఒక పొరపాటు చరిత్ర

మే నెలలో భిలాయి-3 ఎలా ఉంటుందో అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలకు చెప్పనక్కర్లేదు. మిగతా పాఠకుల కోసం రెండు మాటలు. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఆ కర్మాగారాన్నీ, రైల్వేనీ నమ్ముకుని ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి తరలివెళ్ళి స్థిరపడ్డాయి. ఎండాకాలం వస్తే ఊరంతా కొలిమిలా మారుతుంది.

అలాంటి ఒక ఇంట్లో 47 ఏళ్ళ తల్లి ఉందనుకోండి. పాతికేళ్ళ వయసులో ఆమెకు బైపోలార్ జబ్బు వచ్చింది. లిథియం మాత్రలు వాడుతూ ఇరవై ఏళ్ళుగా బాగానే ఉంది. ఈ మధ్య ముట్లు తప్పుతున్నాయి. రాత్రిళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు. నిద్ర లేదు. ఒక వారం ఏడుపు, ఇంకో వారం గబగబా మాటలు, కోపం. "ఈ వయసులో అందరికీ ఉన్నదేలే పిన్నీ" అంటుంది పక్కింటి అమ్మాయి. "కాదు, పాత జబ్బే తిరగబెట్టింది" అంటాడు ఆమె తమ్ముడు. ఎవరి మాట నిజం? మీరు నవ్వకండి. వైద్యశాస్త్రం కూడా ఈ ప్రశ్న దగ్గరే నూరేళ్ళకు పైగా తడబడింది.

పేరు పెట్టడంలోనే చిక్కు

ముందు రెండు మాటలకు అర్థం చూద్దాం. అండాశయాలు పనిచేయడం మానేసి, వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే దాన్ని రజోనివృత్తి లేదా మెనోపాజ్ అంటారు. రుతుక్రమం 12వ ఏట మొదలై 50వ ఏట ఆగిపోతుందని మన సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. 'మెనోపాజ్' అనే మాటను మాత్రం 1821లో గార్డాన్ అనే ఫ్రెంచి వైద్యుడు వాడుకలోకి తెచ్చాడు.

బైపోలార్ జబ్బులో మనసు రెండు కొసల మధ్య ఊగుతుంది. ఒక కొసన ఉన్మాదం: నిద్ర అక్కర్లేని ఉత్సాహం, అదుపు లేని ఖర్చు, చిరాకు. రెండో కొసన విషాదం. మధ్యలో మామూలుగా గడిచే నెలలు, ఏళ్ళు ఉంటాయి. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వెయ్యిమంది పెద్దవాళ్ళలో సుమారు ఐదుగురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారు.

జర్మనీ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఈ జబ్బుకు 1899లో ఒక రూపం ఇచ్చాడు. ఉన్మాదం, విషాదం వేరువేరు జబ్బులు కావనీ, ఒకే జబ్బుకు రెండు ముఖాలనీ అన్నాడు. కాని నడివయసు దాటాక వచ్చే విషాదాన్ని మాత్రం ఆ గూటిలో చేర్చక, వయసు వాలడం వల్ల వచ్చే వేరే వ్యాధిగా విడిగా ఉంచాడు. 1907లో డ్రైఫస్ అనే వైద్యుడు క్రెపెలిన్ చూసిన రోగుల వివరాలనే మళ్ళీ తిరగేశాడు. వారిలో చాలామందికి చిన్న వయసులోనే జబ్బు తొంగిచూసిందని తేల్చాడు. తరువాతి కాలంలో క్రెపెలిన్ తన అభిప్రాయం మార్చుకున్నాడు. తన పొరపాటును తానే దిద్దుకోవడం శాస్త్రానికి పెట్టని సొమ్ము.

కాని పుస్తకాల్లోంచి ఆ పేరు పోలేదు. ముట్లుడిగిన స్త్రీకి దిగులు పుడితే ఆ చీటీ అంటించడం వైద్యులకు అలవాటైపోయింది. అమెరికా మనోవైద్యుల 1968 నాటి వ్యాధుల జాబితాలో కూడా అది ఉంది. ఆ వయసుకు ప్రత్యేకమైన విషాదం ఏదీ లేదని మిర్నా వైస్‌మన్ 1979లో చూపించింది. 1980 నాటి కొత్త జాబితాలో ఆ పేరు తీసేశారు.

లోలకం అటు నుంచి ఇటు

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 'ప్రత్యేకమైన జబ్బు లేదు' అని తేలగానే, 'కాబట్టి ముట్లుడగడానికీ మనసు జబ్బుకీ సంబంధమే లేదు' అన్న ధోరణి బలపడింది. మొదటి మాట నిజమే. రెండో మాటను ఎవరూ పరీక్షించలేదు.

పరీక్షించేవారు ఎందుకు లేరు? లిథియం కథ కొంత జవాబు చెబుతుంది. 1948లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఈ మందును తొలిసారి ఉన్మాద రోగికి ఇచ్చాడు. అది మాజీ సైనికుల ఆసుపత్రి. ఆ రోగి 51 ఏళ్ళ పురుషుడు. అతను అద్భుతంగా కోలుకున్నాడు. రెండేళ్ళ తరువాత అదే లిథియం శరీరంలో విషంగా మారి చనిపోయాడు. ఆ తరువాత 1977లో అమెరికా ఔషధ సంస్థ, గర్భం ధరించగల వయసు స్త్రీలను కొత్త మందుల తొలి పరీక్షలకు దూరంగా ఉంచమంది. 1993లో గాని ఆ నిబంధన మారలేదు. పరీక్షల్లో స్త్రీలే తక్కువైతే, వారి నడివయసు సంగతి ఎవరికి పట్టాలి?

లెక్కలు చెప్పిన మాట

2008లో వెండీ మార్ష్, ఆమె సహచరులు బైపోలార్ ఉన్న స్త్రీలను కొంతకాలం గమనించారు. ముట్లు ఆగిపోయే సంధికాలంలో విషాదం ఎక్కువసార్లు వస్తోందని కనిపించింది. 2024లో బ్రిటన్‌లో 1,28,294 మంది స్త్రీల వివరాలు పరిశీలించారు. చివరి ముట్టుకు ముందు రెండేళ్ళు, తరువాత రెండేళ్ళు కలిపి చూస్తే, అంతకు ముందరి ఏళ్ళకంటే జీవితంలో మొదటిసారి ఉన్మాదం వచ్చినవారు రెట్టింపుకు మించారు. మొదటిసారి తీవ్ర విషాదం వచ్చినవారు 30 శాతం పెరిగారు. భయపడకండి. మొదటిసారి ఉన్మాదం రావడమే చాలా అరుదు, రెట్టింపైనా అరుదే. ఎక్కువమంది స్త్రీలు ఈ వయసును ఏ మనోవ్యాధీ లేకుండానే దాటుతారు.

కారణం? ఈస్ట్రోజన్ గర్భాశయానికే కాదు, మెదడుకూ హార్మోనే. సెరోటొనిన్, డోపమైన్ అనే వార్తాహరుల పనిని అది ప్రభావితం చేస్తుంది. సంధికాలంలో అది నెమ్మదిగా తగ్గదు, పైకీ కిందికీ ఎగిరిపడుతుంది. పైగా రాత్రి చెమటలు నిద్ర చెడగొడతాయి. నిద్రలేమి ఉన్మాదాన్ని రేపగలదని వైద్యులకు బాగా తెలుసు.

ఇప్పుడు భిలాయి-3 ఎండకు వద్దాం. లిథియం బయటికి పోవలసింది మూత్రపిండాల ద్వారానే. చెమటతో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును ఒడిసి పట్టుకుంటాయి, దానితోపాటు లిథియాన్నీ ఆపేస్తాయి. మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివీ, కొన్ని రక్తపోటు మాత్రలూ అదే పని చేస్తాయి. మోకాళ్ళ నొప్పి, రక్తపోటు మొదలయ్యేదీ ఈ వయసులోనే గదా! చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. లిథియం థైరాయిడ్‌ను కూడా మందగింపజేయగలదు. అప్పుడు వచ్చే అలసట, దిగులు చూసి 'వయసు' అనుకోవడం సులువు. ఒక్క రక్తపరీక్ష నిజం చెబుతుంది.

మన లెక్క ఒకటి

మన స్త్రీలకు ముట్లు సగటున 46-47 ఏళ్ళకే ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో 51. దీనికి తోడు ఆపరేషన్లు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవే మొదటి రెండు స్థానాలు! గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్ళ తరబడి జరగవలసిన మార్పు ఒక్క రోజులో జరిగిపోతుంది. బైపోలార్ ఉన్న స్త్రీ అలాంటి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు తన మానసిక వైద్యుడికి చెప్పడం తప్పనిసరి.

హార్మోను మాత్రలు వాడితే సరిపోదా అని మీరడగవచ్చు. అవి ఆవిర్లకు మందు, బైపోలార్‌కు కాదు. పైగా ఈస్ట్రోజన్ మాత్రలు లామోట్రిజిన్ అనే మందును రక్తంలో తగ్గించగలవు. కార్బమజెపిన్ ఎదురు ఈస్ట్రోజన్‌నే తగ్గించగలదు. అందుకే ఇద్దరు వైద్యులూ ఒకరి చీటీ ఒకరు చూడాలి.

మీరు చేయగల పని

మన మొదటి ప్రశ్నకు జవాబేమిటి? పక్కింటి అమ్మాయి మాటా సగమే, తమ్ముడి మాటా సగమే. రెండూ కలిసి రావచ్చు, మూడోది థైరాయిడో లిథియమో కావచ్చు. తేల్చేది ఊహ కాదు, తేదీలు. డ్రైఫస్ చేసింది అదే. మీరూ చేయవచ్చు. గోడ క్యాలెండర్‌లో పాలవాడి లెక్క రాసే గడిలోనే అమ్మ నాలుగు సంగతులు రాసుకునేలా సాయపడండి: ముట్టు వచ్చిన రోజు, నిద్రపోయిన గంటలు, మనసు ఎలా ఉంది, ఏ మాత్ర వేసుకుంది. మూడు నెలల ఆ కాగితం వైద్యుడి చేతిలో పెట్టండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆపనివ్వకండి. బ్రతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే ఆ రోజే సాయం తీసుకోండి. టెలీ-మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

నూరేళ్ళ పాటు పెద్ద పెద్ద వైద్యులు స్త్రీ వయసు చూసి జబ్బు పేరు చెప్పారు. వయసు కాదు, ఆమె చెప్పే మాట వినాలని ఆలస్యంగా తెలిసింది. మీ ఇంట్లో అంత ఆలస్యం కానక్కర్లేదు.