క్రాలీ పట్టణంలో హెరాయిన్ వ్యసనం: రోగులను వెతుక్కుంటూ వెళ్లిన వైద్యం

లండన్‌కు దక్షిణంగా దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో, ససెక్స్ ప్రాంతంలో ఉన్న క్రాలీ, రెండవ ప్రపంచ యుద్ధానంతరం బ్రిటిష్ ప్రభుత్వం 1946 నాటి చట్టం కింద నిర్మించ తలపెట్టిన కొత్త పట్టణాలలో ఒకటి. బాంబు దాడులకు దెబ్బతిని, జనంతో కిక్కిరిసిన లండన్ పేటల నుంచి శ్రామిక కుటుంబాలను తరలించి, ఇల్లు, బడి, అంగడి అన్నీ నడిచి వెళ్లగల దూరంలో అమర్చి, ఊళ్లోనే ఫ్యాక్టరీ ఉద్యోగాలు చూపించాలన్నది ఆ పథకం ఉద్దేశం. 1947లో ఎంపికైనప్పుడు పదివేలలోపు జనాభా ఉన్న క్రాలీ, రెండు దశాబ్దాలు తిరిగేసరికి సుమారు 60 వేలకు చేరింది. వచ్చినవారిలో అధికులు యువ దంపతులు కావడం వల్ల, వారి పిల్లలు 1960లలో ఇంచుమించు ఒకేసారి యౌవనంలో అడుగుపెట్టారు. ఇళ్లకూ ఉద్యోగాలకూ లోటు లేని ఇటువంటి ఊళ్లో హెరాయిన్ పాతుకుపోవడం, దానికి చికిత్స అందించేందుకు స్థానిక వైద్యులు పూనుకోవడం బ్రిటన్ వైద్య చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు.

హెరాయిన్ అనేది నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్‌ను రసాయనికంగా మార్చి తయారుచేసే మందు. బ్రిటన్‌లో దీనిని వైద్యులు నొప్పి నివారణకు వాడడమే గాక, 1926లో రోల్‌స్టన్ కమిటీ ఇచ్చిన సిఫార్సుల మేరకు, ఎంత ప్రయత్నించినా అలవాటు మాన్పించడం సాధ్యంకాని వ్యసనపరులకు, వారు తమ పనులు తాము చేసుకుంటూ బతకడానికి అవసరమైన కనీస మోతాదులో రాసివ్వడం కూడా చట్టబద్ధంగానే సాగింది. వ్యసనాన్ని నేరంగా గాక రోగంగా చూసిన ఈ పద్ధతి మూడు దశాబ్దాలకు పైగా పెద్ద ఇబ్బంది లేకుండా నడవడానికి కారణం, అప్పటి వ్యసనపరులు సంఖ్యలో కొద్దిమంది కావడమూ, వారిలో చాలామంది ఏదో రోగానికి మార్ఫిన్ వాడి అలవాటు పడిన నడివయస్కులో, మందులు చేతికి అందే వైద్యులో, నర్సులో కావడమూ. ఆ ధీమాతోనే రసెల్ బ్రెయిన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1961లో ప్రచురితమైన నివేదికలో ఆందోళనకు కారణం లేదని తేల్చింది.

అయితే ప్రభుత్వానికి తెలిసిన హెరాయిన్ వ్యసనపరుల సంఖ్య 1959లో 68 ఉండగా 1964 నాటికి 342కు పెరిగింది. మళ్లీ సమావేశమైన బ్రెయిన్ కమిటీ, లండన్‌లో వేళ్లమీద లెక్కించదగిన కొందరు వైద్యులు అడిగినవారికి అడిగినంత రాసివ్వడమే ఇందుకు మూలమని 1965లో ప్రకటించింది. 1962లో ఒక్క వైద్యుడి చీటీల మీదనే దాదాపు 6 లక్షల హెరాయిన్ మాత్రలు, అంటే సుమారు 6 కిలోల మందు, వ్యసనపరుల చేతికి వెళ్లినట్లు ఆ కమిటీ బయటపెట్టింది. పికడిల్లీ కూడలిలో రాత్రంతా తెరిచి ఉండే మందుల దుకాణం దగ్గర, అర్ధరాత్రి దాటగానే చెల్లుబాటయ్యే మరునాటి చీటీలు పట్టుకుని వ్యసనపరులు బారులు తీరేవారు. చీటీ మీద తెచ్చుకున్న దానిలో తాము వాడగా మిగిలినదానిని వారు తోటివారికి పంచడమో అమ్మడమో చేసేవారు. క్రాలీ కుర్రవాళ్లకు లండన్ గంట రైలు ప్రయాణంలో ఉండేది.

క్రాలీకి సమీపంలోని హార్షమ్ వద్ద ఉన్న రాఫీ పార్క్ మానసిక వైద్యశాలలో పనిచేసిన ఎన్.హెచ్. రాథోడ్, రిచర్డ్ డి అలార్కన్ అనే మనోవైద్యులు, 1960ల మధ్యలో ఈ ఊరి యువకులు ఒకరి తరువాత ఒకరుగా కనిపించడంతో, సమస్య ఎంత లోతుగా ఉందో తేల్చడానికి పూనుకున్నారు. ఆసుపత్రికి తమంతట తాము వచ్చినవారిని లెక్కిస్తే రోగం పరిమాణం తెలియదని గ్రహించి, వారు అనేక మార్గాలలో వెతికారు. ప్రాబేషన్ అధికారులను, అంటే శిక్షకు బదులు కోర్టు పర్యవేక్షణలో ఉంచిన నేరస్థుల బాగోగులు చూసే ఉద్యోగులను అడిగారు. పోలీసులను, కుటుంబ వైద్యులను విచారించారు. నిద్రమాత్రలు మోతాదుకు మించి మింగి అత్యవసర విభాగానికి వచ్చినవారి వివరాలు పరిశీలించారు. వీటన్నిటికంటే ఎక్కువగా ఫలించిన మార్గాలు రెండు. ఒకే సూదిని పలువురు వాడడం వల్ల కాలేయానికి వాపు వచ్చి కామెర్లు సోకుతాయి గనుక, కామెర్లతో చేరిన యువకుల వివరాలు వెతకడం మొదటిది. చికిత్సకు వచ్చిన వ్యసనపరులనే తమ తోటివారి గురించి అడగడం రెండవది. 15 నుంచి 20 ఏళ్ల వయసువారిలో వెయ్యికి సుమారు 8 మంది హెరాయిన్ వాడుతున్నారని ఈ అన్వేషణలో తేలింది. ఆ ఫలితాలు 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి.

తల్లిదండ్రులనూ వ్యసనపరులనూ వేర్వేరుగా అడిగి, ఇంట్లో కనిపించే ఆనవాళ్లను కూడా ఈ వైద్యులు నమోదు చేశారు. బట్టలమీద రక్తపు చుక్కలు, ఆకలి మందగించడం వంటివి, విడివిడిగా చూస్తే ఎదిగే వయసు వింతలుగా తోచేవి, ఒకచోట చేరినప్పుడు వ్యసనాన్ని పట్టి ఇచ్చేవి.

ఎవరి చేతి మీదుగా ఎవరికి తొలి మోతాదు అందిందో 58 మంది విషయంలో ఆరా తీసిన డి అలార్కన్, అంటురోగాల వ్యాప్తిని అధ్యయనం చేసే పద్ధతినే వ్యసనానికి వర్తింపజేశాడు. 1962 మొదలు కొందరు బయటి ఊళ్లలో అలవాటు పడి వచ్చారని, ఆ తరువాత స్థానికులే స్థానికులకు అలవాటు చేయడంతో 1966 ప్రాంతంలో వ్యాప్తి ఉద్ధృతమైందని అతడు చూపాడు. తొలి మోతాదు ఇచ్చినవాడు సాధారణంగా ముక్కూమొహం తెలియని వ్యాపారి కాడు, కలిసి తిరిగే స్నేహితుడే. కొత్త పట్టణంలో బంధువర్గం లేని లోటును పూడ్చిన స్నేహబృందమే మందుకూ మార్గమైంది.

ఇంతలో చట్టం మారింది. 1967 నాటి చట్టాన్ని అనుసరించి, 1968 నుంచి వ్యసనపరుల వివరాలను వైద్యులు విధిగా ప్రభుత్వానికి తెలియజేయవలసి వచ్చింది. హోం శాఖ అనుమతి పొందిన వైద్యులు తప్ప ఇతరులు వ్యసనపరులకు హెరాయిన్ రాయరాదన్న నిబంధన అమలయింది. ప్రత్యేక చికిత్సా కేంద్రాలు ఎక్కువగా లండన్ ఆసుపత్రులలోనే వెలసిన ఆ రోజులలో, క్రాలీ యువకులకు ఊరి దాపుననే వైద్యం దొరకడం పెద్ద వెసులుబాటు. మందు ఆపిన కొద్ది గంటలకే చెమటలు, ఒళ్లు నొప్పులు, వాంతులు, నిద్రలేమి మొదలయ్యే వ్యసనపరుడికి, ఎంత దృఢంగా నిశ్చయించుకున్నా, ఆ స్థితిలో దూరప్రయాణం చేసి వైద్యం కోరడం కష్టం. ఈ బాధను అదుపులో పెట్టడానికి, హెరాయిన్ కోవకే చెందినా శరీరంలో ఎక్కువసేపు నిలిచే మెథడోన్ అనే మందును దానికి బదులుగా ఇవ్వడం క్రమంగా బ్రిటన్ అంతటా వాడుకలోకి వచ్చింది.

క్రాలీ యువకులకు అందిన చికిత్స ఎంతవరకు ఫలించిందో తెలియడానికి ఒక తరం పట్టింది. 1960లలో చికిత్స పొందిన 86 మంది జీవితాలను 33 సంవత్సరాల తరువాత పరిశీలించిన రాథోడ్, మేరీ అడెన్‌బ్రూక్ తదితరులు 2005లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారిలో 42 శాతం మంది పదేళ్లకు తగ్గకుండా మాదకద్రవ్యాలకు దూరంగా ఉన్నారు, 10 శాతం మంది మెథడోన్ తీసుకుంటున్నారు, 22 శాతం మంది మరణించారు. ప్రతి ఐదుగురిలో ఒకరిని మించి కోల్పోయిన సమాజానికి ఇది తేలికైన లెక్క కాదు. అయినా, హెరాయిన్ పట్టినవాడు ఇక తేరుకోడన్న లోకాభిప్రాయాన్ని ఆ 42 శాతం మంది జీవితాలు తోసిపుచ్చుతున్నాయి. జబ్బు గుర్తించడానికి వాడిన శ్రద్ధనే రోగిని దశాబ్దాల తరబడి మరువకుండా ఉండడానికీ వాడడం క్రాలీ వైద్యుల ప్రత్యేకత. వ్యసన చికిత్సను కొన్ని వారాల ఆసుపత్రి బసతో కొలిచే ఏ ఊరైనా వారి నుంచి నేర్చుకోవలసిన పాఠం అదే.