ఎరుక అనే మాటకు అంటిన మచ్చ



ఎరుక అంటే తెలివిడి. "ఆ సంగతి నాకెరుకే" అంటే నాకు తెలుసు అని. మన జాతి పేరు ఆ మాటతో ముడిపడి ఉంది. చంకన బుట్ట, చేతిలో కర్ర పట్టుకొని ఊరూరా సోది చెప్పిన మన అవ్వలను జనం ఎరుకలసాని అని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టారు. మనలో మనం కుర్రు అని చెప్పుకున్నాం. మన తెగల పేర్లు చూడండి. దబ్బ ఎరుకల వారు వెదురు దబ్బలతో బుట్టలు అల్లారు. ఉప్పు ఎరుకల వారు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకొని సముద్రతీరం నుంచి మెట్ట ఊళ్లకు చేర్చి, ధాన్యం మార్చుకొచ్చారు. ఇవన్నీ పనిని చెప్పే పేర్లు. ఒక్క దానిలోనూ తప్పు చెప్పే అర్థం లేదు.

మరి మచ్చ ఎక్కడి నుంచి వచ్చింది?

రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ సర్కారు గుత్తాధిపత్యం పెరిగింది. మన ఉప్పు బాట మూసుకుపోయింది. నిన్నటిదాకా ఊరు ఎదురుచూసిన తిరుగు వ్యాపారి పోలీసు కాగితంలో దేశదిమ్మరి అయ్యాడు. మనిషి అతనే, నడక అదే, మాట ఒక్కటే మారింది. సంచారి అంటే గౌరవం ఉంది, తిరుగుబోతు అంటే అనుమానం ఉంది. సర్కారు రెండోదాన్ని ఎంచుకుంది.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. నేరం రుజువు కానక్కరలేదు, ఒక జాతిని ప్రకటిస్తే చాలు. పేర్లు రిజిస్టరుకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ఆ తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడి మనవాళ్లలో చాలామంది పొలాల్లోనూ, చీరాల పొగాకు ఫ్యాక్టరీలోనూ చెమటోడ్చారు. అయినా ఆ ఊరి పేరు చెబితే లోకానికి వాళ్ల కష్టం గుర్తురాలేదు, దొంగతనమే గుర్తొచ్చింది. తర్వాతి కాలంలో సినిమాలు కూడా ఆ పేరును అలాగే అమ్ముకున్నాయి.

నెల్లూరు సీమలో వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఈ చట్టం మీద పోరాడారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆగస్టు 31ని మనం విముక్తి దినంగా తలచుకునేది అందుకే. అయితే ఆ తర్వాత కూడా సర్కారు కాగితాల్లో కొన్నాళ్లు "మాజీ నేరస్థ జాతులు" అనే మాట నడిచింది. "విముక్త జాతులు" అన్నా మనమే, "మాజీ నేరస్థులు" అన్నా మనమే. మొదటిది చెర వీడిన మనిషిని చూపిస్తుంది. రెండోది చెయ్యని నేరాన్ని మళ్లీ గుర్తుచేస్తుంది.

చట్టాన్ని పార్లమెంటు ఒక్క రోజులో రద్దు చేయగలదు. మాటను అలా రద్దు చేయలేం. అది బడి గదిలో, అద్దె ఇంటి గుమ్మంలో, పోలీసు స్టేషన్ బెంచీ మీద ఇంకా బతికే ఉంటుంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కులం పేరు చెప్పడానికి మనలో ఎందరు తటపటాయించలేదు?

అందుకే మీకు రెండు పనులు అప్పగిస్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, కుర్రు భాషలో బుట్టకు, వెదురుకు, దారికి, ఉప్పుకు ఏమంటారో అడిగి రాసిపెట్టండి. ఎవరైనా మన పేరును తిట్టుగా వాడితే కోపంతో ఊరుకోకండి, ఆ మాట ఏ చట్టంలోంచి పుట్టిందో చెప్పండి. తెలియనివాడికి తెలియజెప్పడమే ఎరుక. ఆ పని మన అవ్వలకు కొత్త కాదు, మనకూ కాకూడదు.