కవిబ్రహ్మ ఏటుకూరి వెంకటనరసయ్య: కీర్తి క్షీణతకు కారణాలు

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో గుంటూరు మండలం పద్యకవితకు పట్టుగొమ్మగా నిలిచింది. గుఱ్ఱం జాషువ (1895-1971), తుమ్మల సీతారామమూర్తి (1901-1990), జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912-1992) ఆ మండలం వారే. 'కవిబ్రహ్మ'గా ప్రసిద్ధి పొందిన ఏటుకూరి వెంకటనరసయ్య (1911-1949) వీరికి సమకాలికులు. 'మగువ మాంచాల', 'క్షేత్రలక్ష్మి' వంటి కావ్యాల కర్త అయిన ఈయన నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. మొదటి ముగ్గురి పేర్లు నేటికీ పండిత, పామర లోకాలలో వినిపిస్తున్నాయి. నరసయ్య పేరు మాత్రం క్రమంగా మరుగున పడింది. దీనికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఛందోబద్ధ కవిత్వానికి కాలం చెల్లిందన్నది సాధారణంగా వినిపించే సమాధానం. 1943లో అదే మండలంలోని తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. 1950లో శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గ్రంథరూపం దాల్చింది. విమర్శకుల దృష్టి కొత్త కవిత్వం వైపు మళ్లిన మాట వాస్తవమే. అయితే తక్కిన ముగ్గురూ వృత్తపద్యాన్ని విడిచిపెట్టినవారు కారు. కనుక రూపం ఒక్కటే కారణమనడం సమంజసం కాదు.

వారికి దక్కి, నరసయ్యకు దక్కనిది వ్యవధి. కేంద్ర సాహిత్య అకాడమీ 1954లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో ఏర్పడ్డాయి. 'క్రీస్తు చరిత్ర'కు జాషువ 1964లోను, 'మహాత్మకథ'కు తుమ్మల 1969లోను కేంద్ర అకాడమీ పురస్కారం అందుకున్నారు. పాపయ్యశాస్త్రి పద్యాలు ఘంటసాల గళం ద్వారా గ్రామఫోను రికార్డులకెక్కి, చదువురాని వారిని సైతం చేరాయి. స్వాతంత్ర్యానంతరం కవి కీర్తిని నిలబెట్టిన ఈ వ్యవస్థలు బలపడేనాటికి నరసయ్య జీవించి లేరు. తన కావ్యాలను తానే సభలలో వినిపించుకొనే అవకాశమూ ఆయనకు లేకపోయింది.

ఈ విస్మృతి వల్ల కలిగిన నష్టం ఒక కవికి మాత్రమే పరిమితం కాదు. శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'లో బాలచంద్రుని కథ ప్రధానం. అతని భార్య మాంచాల పేరిట కావ్యం నిర్మించడంలోనే నరసయ్య దృష్టి భేదం స్పష్టమవుతుంది. 'క్షేత్రలక్ష్మి' సేద్యపు జీవనాన్ని కావ్యవస్తువుగా స్వీకరించింది. స్త్రీ పాత్రల పునర్మూల్యాంకనం, కర్షక జీవన చిత్రణ పద్యకావ్యంలో ఎలా సాగాయో తెలుసుకొనేందుకు ఈ రెండూ ముఖ్యమైన ఆధారాలు. వీటిని పక్కనపెట్టి రాసే చరిత్రలో, పద్యం గతానికి, వచన కవిత వర్తమానానికి చెందినవన్న సులభ విభజనే మిగులుతుంది.

సాహిత్య చరిత్రకారుడు కవి ప్రతిభతో పాటు ఆ ప్రతిభ ప్రచారం పొందిన మార్గాలనూ పరిశీలించాలి. అప్పుడే అల్పాయుష్కులైన కవులకు న్యాయం జరుగుతుంది. నరసయ్య కావ్యాలకు ప్రామాణిక పునర్ముద్రణ, విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో చోటు కల్పించడం ఆ దిశగా తొలి మెట్టు కాగలవు.