వంత స్థానం: బుర్రకథ దళం సుదీర్ఘ ప్రస్థానంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బుర్రకథ చరిత్ర ఇంతవరకు ఎక్కువగా కథకుని చరిత్రగానే రచింపబడింది. కథకునికి ఇరువైపులా నిలిచే వంతలకు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. బుర్రకథను ముగ్గురి దళంగా చూస్తే, అది దశాబ్దాల తరబడి నిలవడానికి గల కారణం, ఆ క్రమంలో అది కోల్పోయిన అంశం రెండూ స్పష్టమవుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కోవూరు ప్రాంతపు మాగాణి సమాజాన్ని నేపథ్యంగా గ్రహించి, షేక్ నాజర్ కళాజీవితాన్ని ప్రధాన ఉదాహరణగా స్వీకరించి ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: బుర్రకథ, జంగం కథ, రాజకీయ వంత, హాస్య వంత, ప్రజానాట్యమండలి, షేక్ నాజర్, కోవూరు.

1. ఉపోద్ఘాతం

ఒక కళాకారుని చరిత్ర రాయడం సులభం. పుట్టుక, శిక్షణ, కీర్తి, సన్మానాలు, మరణం అనే క్రమం సిద్ధంగా ఉంటుంది. ఒక దళం చరిత్ర రాయడం కష్టం. దళానికి జన్మపత్రిక ఉండదు. సభ్యులు మారుతారు, ఊళ్లు మారుతాయి, ప్రదర్శన ముగిసిన రాత్రే దాని సాక్ష్యం చాలావరకు చెరిగిపోతుంది. జానపద ప్రదర్శన కళలపై జరిగిన పరిశోధనలో వ్యక్తికి ప్రాధాన్యం దక్కి, బృందం వెనుకబడడానికి ఇది ముఖ్య కారణం.

బుర్రకథ విషయంలో ఈ లోపం మరింత ప్రస్ఫుటం. బుర్రకథ అనగానే నాజర్ పేరు స్ఫురిస్తుంది. అది న్యాయమే. అయితే బుర్రకథ ఏకపాత్ర ప్రదర్శన కాదు. కథకుడు, హాస్య వంత, రాజకీయ వంత అనే మూడు స్థానాలు కలిస్తేనే అది బుర్రకథ. ఈ మూడింటిలో ఏ స్థానం ఏ కాలంలో బలపడింది, ఏది బలహీనపడింది అనే ప్రశ్న ఈ కళ చరిత్రకు మూలమని నా అభిప్రాయం.

2. జంగం కథ నుండి బుర్రకథకు

బుర్రకథకు పూర్వరూపం జంగం కథ. కోస్తాలో జంగం కథ అనీ, రాయలసీమలో తందాన కథ అనీ, తెలంగాణలో తంబుర కథ, శారద కథ అనీ దీనికి ప్రాంతీయ నామాలున్నాయి. సంచార జీవనం గడిపే కళాకారులు వీరగాథలను, పురాణకథలను ఊరూరా చెప్పుకుంటూ జీవించేవారు. ప్రధాన కథకుడు తంబుర మీటుతూ కథ చెప్పగా, తరచు అతని కుటుంబ స్త్రీలు వంత పాడేవారు. అంటే తొలిదశలో దళమన్నది కుటుంబమే.

ఆధునిక బుర్రకథలో కుటుంబం స్థానంలో శిక్షణ పొందిన బృందం వచ్చింది. కథకుడు కుడి భుజాన తంబుర ధరించి, కాళ్లకు గజ్జెలు కట్టి, చేతి అందెలతో తాళం వేస్తూ ముందుకూ వెనుకకూ అడుగులు వేస్తాడు. వంతలిద్దరూ గుమ్మెటలు లేదా డక్కీలు వాయిస్తారు. హాస్య వంత ఛలోక్తులతో శ్రోతల అలసట తీరుస్తాడు. రాజకీయ వంత కథలోని ఘట్టాన్ని వర్తమానంతో ముడిపెడతాడు. పల్నాటి యుద్ధంలో అన్నదమ్ముల వైరం చెబుతున్నప్పుడు, ఊరిలోని కక్షల మీద వ్యాఖ్యానించే హక్కు అతనికి ఉంది. కథకుడు గతంలో ఉంటాడు. రాజకీయ వంత వర్తమానంలో ఉంటాడు. హాస్య వంత ఈ రెండింటి మధ్య రాకపోకలు సాగిస్తాడు.

ఈ విభజనను హరికథతో పోల్చితే దాని ప్రత్యేకత తెలుస్తుంది. నెల్లూరులో హరికథకునిగా జీవించిన ఎస్.పి. సాంబమూర్తి వంటి భాగవతార్ల కళలో కథ, పాట, అభినయం, పిట్టకథ, వ్యాఖ్యానం అన్నీ ఒక్కరి కంఠం నుండే వెలువడతాయి. పక్కవాద్యగాళ్లు ఉన్నా వారు కథలో పాత్రధారులు కారు. హరికథలో వ్యాఖ్యానం భాగవతార్ విద్వత్తుపై ఆధారపడుతుంది. బుర్రకథలో వ్యాఖ్యానానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉన్నాడు. అతను ప్రశ్నించాలి, అడ్డుతగలాలి, శ్రోత మనసులోని సందేహాన్ని శ్రోత తరఫున పలకాలి.

3. పెన్నా ఉత్తర తీరం: శ్రోతల నేపథ్యం

ఈ కళారూపాన్ని వామపక్ష ఉద్యమం ఎందుకు ఎంచుకున్నదో గ్రహించడానికి నాటి వ్యవసాయ సమాజాన్ని చూడాలి. అందుకు కోవూరు ప్రాంతం తగిన ఉదాహరణ. పెన్నపై 1855 నాటికి నెల్లూరు ఆనకట్ట, 1886 నాటికి సంగం ఆనకట్ట పూర్తయ్యాయి. సంగం నుండి కనిగిరి జలాశయం ద్వారా పెన్నా ఉత్తర తీరానికి నీరందింది. కోవూరు తాలూకా వరి పండించే మాగాణిగా స్థిరపడింది. నాట్లకు, కోతలకు కూలీల అవసరం పెరిగింది. భూమి కొందరి చేతిలోనూ, శ్రమ అనేకుల చేతిలోనూ ఉండే డెల్టా సమాజం ఏర్పడింది.

ఈ తాలూకాలోని అలగానిపాడులో 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య జన్మించాడు. భూస్వామ్య కుటుంబంలో పుట్టి, కులసూచకమైన పేరును విడిచి, 1930లలో స్వగ్రామంలోనే వ్యవసాయ కార్మికులను సంఘటితం చేయడంతో ఆయన ప్రజాజీవితం రూపుదిద్దుకుంది. 1934లో ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ ఏర్పడిన తరువాత దాని ప్రధాన నిర్మాతలలో ఆయన ఒకడు. ఆయన సంఘటితం చేయదలచిన జనంలో అత్యధికులు నిరక్షరాస్యులు. పగలంతా పొలంలో ఉండే ఆ జనానికి పత్రిక చేరదు, ఉపన్యాసం ఎక్కువసేపు పట్టదు. చీకటి పడ్డాక, తెర అక్కరలేకుండా, రంగాలంకరణ లేకుండా, ముగ్గురు మనుషులతో నడివీధిలో నడిచే కళే వారికి అందుబాటులో ఉండేది.

కోవూరు సమీపంలోని పాటూరుకు తిక్కనతో గల అనుబంధాన్ని సంప్రదాయం గుర్తుపెట్టుకుంది. గ్రంథస్థమైన వాఙ్మయానికి ఆ భాగ్యం ఉంది. అదే నేలపై రాత్రుళ్లు కథలు చెప్పి తెల్లవారేసరికి పొరుగూరికి సాగిపోయిన దళాల సంగతి అలా కాదు. ఈ అసమానతను గుర్తించకుండా మౌఖిక కళల చరిత్ర రాయలేము.

4. ఉద్యమకాలం: రాజకీయ వంత ప్రాబల్యం

1942లో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం తొలగింది. 1943లో భారత ప్రజానాట్య సంఘం బొంబాయిలో ఏర్పడింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి ఆవిర్భవించింది. డాక్టర్ గరికపాటి రాజారావు దానికి ప్రధాన సూత్రధారి. బుర్రకథ, వీధినాటకం, గొల్లసుద్దులు వంటి ప్రజల రూపాలలో కొత్త వస్తువును నింపడం మండలి విధానం. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ బుర్రకథ ఈ దశకు చెందినదే. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఇదే దృష్టితో పోరాటానికి మలచాడు.

షేక్ నాజర్ ఈ సందర్భంలోనే రూపొందిన కళాకారుడు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించాడు. సంగీతం నేర్చి, నాటకాలలో నటించి, జీవిక కోసం ఇతర పనులూ చేసి, చివరకు బుర్రకథలో స్థిరపడ్డాడు. శాస్త్రీయ సంగీత పరిచయం, నాటకానుభవం, దారిద్ర్యానుభవం మూడూ ఆయన కథనంలో కలిశాయి. 1943 నాటి బెంగాల్ కరువును ఆయన బుర్రకథగా చెప్పాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన కంఠంలో ప్రసిద్ధి పొందాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బెంగాల్ కరువు కథలో వస్తువే వర్తమానం. కనుక కథకుడే రాజకీయం మాట్లాడుతాడు. బొబ్బిలి కథలో వస్తువు 1757 నాటిది. అక్కడ వర్తమానాన్ని మోసే బాధ్యత పూర్తిగా వంతపై పడుతుంది. ఉద్యమకాలపు దళాలు పాత వీరగాథలను విడువకుండానే కొత్త మాట చెప్పగలగడానికి మూలం ఈ ఏర్పాటే. ఊరి పెద్దలు సైతం వచ్చి కూర్చునే కథలో, ఆ పెద్దలకే తగిలే మాట వంత నోట వెలువడేది. కథ అందరిదీ, వ్యాఖ్యానం కూలివాడిది.

మరొక పరిణామం స్త్రీలకు సంబంధించినది. జంగం కథలో స్త్రీ స్థానం చాలావరకు వంతకే పరిమితం. ఉద్యమకాలంలో మోటూరి ఉదయం వంటివారు మహిళా దళాలతో బుర్రకథలు చెప్పారు. వంతగా ఉన్న స్త్రీ కథకురాలి స్థానంలోకి రావడం దళ నిర్మాణంలో వచ్చిన మౌలికమైన మార్పు. దానిని కేవలం ప్రచార అవసరంగా చూడడం తగదు.

నాటి ప్రభుత్వాలు ఈ కళను ఉపేక్షించలేదు. మద్రాసు రాష్ట్రంలోనూ, నిజాం రాజ్యంలోనూ బుర్రకథ ప్రదర్శనలపై నిషేధాలు వచ్చాయి. 1948 తరువాతి అణచివేతలో ప్రజానాట్యమండలి కార్యకలాపాలు చెల్లాచెదురయ్యాయి. నిషేధ ఉత్తర్వు నిజానికి ఏ స్థానాన్ని లక్ష్యంగా చేసుకున్నదో ఊహించడం కష్టం కాదు. బొబ్బిలి కోట కథకు ఏ ప్రభుత్వమూ భయపడదు.

5. స్థానాలా, వ్యక్తులా: దళం మన్నికకు కారణం

చిన్న సంగీత బృందాల మన్నిక అన్ని దేశాలలోనూ పరిశీలనార్హమైన విషయమే. 1950ల అమెరికన్ రాకబిల్లీ సంగీతానికి 1970ల పంక్ వేగాన్ని జోడించిన ‘సైకోబిల్లీ’ అనే రీతి 1980ల ఆరంభంలో ఇంగ్లండులో రూపొంది ఐరోపా అంతటా వ్యాపించింది. ఆ రీతిలో 1983లో నెదర్లాండ్స్‌లో ఏర్పడిన బ్యాట్‌మొబైల్ అనే బృందం గిటారు, నిలువు బేస్, డ్రమ్ములతో ముగ్గురు సభ్యుల బృందంగా దశాబ్దాల పాటు కొనసాగింది. పాత బాణీని కొత్త తరం తన కోసం తిరగరాసుకోవడం, ముగ్గురికే పరిమితమైన బృందం కావడం అనే రెండు లక్షణాలలో దానికీ బుర్రకథ దళానికీ పోలిక ఉంది. తేడా కూడా అంతే ముఖ్యం. అక్కడ మన్నిక వ్యక్తులది. ఆ ముగ్గురూ విడిపోతే బృందం లేదు. బుర్రకథలో మన్నిక స్థానాలది. వంత మారినా వంత స్థానం ఉంటుంది. ఒక దళంలో వంతగా పనిచేసినవాడు మరొక దళానికి కథకుడు కాగలడు. అందువల్లనే వ్యక్తులు జైళ్ల పాలైనా, ఇతర వృత్తులకు వెళ్లినా ఈ రూపం అంతరించలేదు.

6. ఉద్యమానంతర దశ: ఖాళీ అయిన స్థానం

1950లలో ప్రజానాట్యమండలి కళాకారులు పలువురు మద్రాసు చిత్రసీమకు చేరారు. గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీశాడు. అల్లు రామలింగయ్య, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటివారు నటులుగా స్థిరపడ్డారు. 1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రంలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ తెరకెక్కింది. ఊరూరా తిరిగే దళం ఒక్కసారిగా వేలాది ఊళ్లకు చేరింది. అయితే తెరపై కథ ప్రతి ఊళ్లోనూ ఒకటే. ఆ ఊరి సంగతి ఎత్తుకునే అవకాశం వంతకు లేదు. ప్రదర్శన విస్తరించిన కొద్దీ వ్యాఖ్యానం సంకోచించింది.

తరువాతి దశలో ఆకాశవాణి, ప్రభుత్వ ప్రచార శాఖలు బుర్రకథను ఆదరించాయి. కుటుంబనియంత్రణ వంటి పథకాల ప్రచారానికి దళాలు పనిచేశాయి. కళాకారులకు భుక్తి దొరికింది. ఆ మేలును తక్కువ చేయరాదు. కాని వంత మాట ముందుగానే రాసి ఇచ్చినదైంది. ప్రశ్నించే స్థానం ప్రకటించే స్థానంగా మారింది. హాస్య వంతకు ఇటువంటి ఇబ్బంది ఎదురుకాలేదు. నవ్వించే పని ఏ పోషకునికీ అభ్యంతరం కాదు.

1972లో ఆవిర్భవించిన జననాట్యమండలి రాజకీయ వ్యాఖ్యానాన్ని తిరిగి కేంద్రానికి తెచ్చింది. అయితే గద్దర్ వంటివారి ప్రదర్శనలలో మూడు స్థానాల నిర్మాణం కన్నా పెద్ద బృందగానం ప్రధానమైంది. రాజకీయం నిలిచింది, వంత రూపం మారింది. మరోవైపు నాజర్ 1986లో పద్మశ్రీ పొంది, ‘పింజారి’ అనే ఆత్మకథను మిగిల్చి, 1997లో మరణించాడు. పురస్కారం వ్యక్తికే ఇవ్వగలరు. దళానికి ఇచ్చే ఏర్పాటు లేదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశం ఇది. బుర్రకథ మన్నికకు దాని మూడు స్థానాల నిర్మాణం కారణం. అయితే రూపం మన్నడం, దాని ప్రయోజనం మన్నడం ఒకటి కావు. తంబుర, గజ్జెలు, తందాన మిగిలి ఉండగానే రాజకీయ వంత స్థానం ఖాళీ కావచ్చు. అప్పుడు బుర్రకథ కొనసాగుతున్నట్లే కనిపిస్తుంది.

దీనివల్ల పరిశోధనా పద్ధతిపైనా ఒక బాధ్యత ఏర్పడుతుంది. ముద్రిత బుర్రకథలు ప్రధానంగా కథకుని పాఠాన్ని భద్రపరచాయి. వంత ఆశువుగా పలికిన మాటకు అచ్చులో చోటు అరుదు. కథకుని పాఠాన్నే ఆధారంగా గ్రహించి బుర్రకథ వస్తువును నిర్ణయిస్తే, ఆ కళలో అత్యంత సమకాలీనమైన భాగాన్ని వదిలివేసినట్లవుతుంది. క్షేత్రపర్యటనలో కథకునితో పాటు వంతలను విడివిడిగా ప్రశ్నించడం, ఒకే కథను వేర్వేరు ఊళ్లలో రికార్డు చేసి వంత వ్యాఖ్యానంలోని భేదాలను నమోదు చేయడం, వంతగా ప్రారంభించి కథకులైనవారి జీవితాలను సేకరించడం తక్షణం జరగవలసిన పనులు. కోవూరు వంటి మాగాణి ప్రాంతాలలో పాత తరం శ్రోతల స్మృతులు కూడా ఇందుకు ఆధారాలే. కథ పుస్తకంలో దొరుకుతుంది. వంత మాట విన్నవారి జ్ఞాపకంలోనే ఉంది, ఆ విన్నవారు ఏటేటా తగ్గిపోతున్నారు.